బడి లైబ్రరీకి ఈ-పుస్తకాలు: ఏ వేదిక, ఏ లైసెన్స్, ఎవరికి?

బడి లైబ్రరీలో ఈ-పుస్తకాలు పెట్టాలనుకునే హెడ్‌మాస్టర్లు, లైబ్రేరియన్లు మొట్టమొదట అడిగేది "ఏ యాప్ మంచిది?" అని. నన్నడిగితే దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆ యాప్‌లో ఉన్న పుస్తకం మీద మన బడికి వచ్చే హక్కు ఏమిటి, అది ఎన్నాళ్లుంటుంది, ఒకేసారి ఎంతమంది పిల్లలు చదవొచ్చు? యాప్ ఎంత బాగున్నా లైసెన్స్ సరిపోకపోతే ఏడాది తిరిగేసరికి డబ్బూ అయిపోతుంది, పుస్తకాలూ పోతాయి. లైసెన్స్ సరిగ్గా ఉంటే యాప్ కాస్త మోటుగా ఉన్నా పని నడుస్తుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని బడులను దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక రాస్తున్నాను. పెద్ద సిటీ స్కూలు, జిల్లా పరిషత్ హైస్కూలు, గురుకులం, విదేశాల్లో వారాంతపు తెలుగు బడి, వీటన్నిటికీ ఒకే సమాధానం లేదు.

## ముందు ఏం చూడాలి

భాష. మీ పిల్లలు ఏ భాషలో సరదాగా, ఎవరూ చెప్పకుండా చదువుతారు? తెలుగైతే, డబ్బు కట్టే పెద్ద వేదికల జోలికి వెళ్లేముందు వాటి కేటలాగ్‌లో తెలుగు పుస్తకాలు ఎన్ని ఉన్నాయో, ఏ తరగతికి సరిపోతాయో మీరే వెతికి చూడండి. సేల్స్ వాళ్లు చెప్పే "లక్షల పుస్తకాలు" అన్న మాటలో తెలుగు వాటా ఎంత అన్నదే మీకు కావాల్సిన లెక్క.

పరికరాలు, నెట్. కంప్యూటర్ ల్యాబ్‌లో పిరియడ్‌కి ఒకసారి చదువుతారా, ట్యాబ్‌లు ఉన్నాయా, లేక సాయంత్రం అమ్మ ఫోన్ చేతికొచ్చే అరగంటే దిక్కా? మూడో పరిస్థితిలో ఉన్న పిల్లలకు దించుకుని నెట్ లేకుండా చదివే వీలు తప్పనిసరి. స్కాన్ చేసిన పీడీఎఫ్ చిన్న ఫోన్ తెరమీద చదవడం పిల్లలకు శిక్షే. అక్షరం పెంచితే లైను తెర దాటిపోతుంది. అదే ఈపబ్ (ఈ-పుస్తకాల కోసమే ఉన్న ఫైలు రకం) అయితే తెరకు తగ్గట్టు సర్దుకుంటుంది.

పిల్లల వివరాలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లందరూ పిల్లలే. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించిన సమ్మతి ఉండాలంటుంది ఆ చట్టం. పిల్లలను వెంటాడే ప్రకటనలు కుదరవని కూడా చెబుతుంది. పేరు, ఫోన్ నంబరు, పుట్టినతేదీ అన్నీ అడిగే వేదిక కంటే అడ్మిషన్ నంబరు లాంటి ఒక కోడ్‌తో లాగిన్ ఇచ్చే వేదికను ఎంచుకోండి. ఏ పిల్లవాడు ఏ పుస్తకం చదివాడన్నది కూడా వ్యక్తిగత విషయమే.

బయటికొచ్చే దారి. ఒప్పందం ముగిసిన మర్నాడు మన దగ్గర ఏం మిగులుతుంది? ఈ ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వని కంపెనీతో ముందుకు వెళ్లొద్దు.

## లైసెన్స్‌ల సంగతి

అచ్చు పుస్తకం కొంటే చిరిగిపోయేదాకా మనదే. ఎంతమందికైనా ఇస్తాం. ఈ-పుస్తకానికి కట్టే డబ్బు మాత్రం కొన్ని షరతులతో చదివించే అనుమతికి. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈ-బుక్ స్టోర్‌ను మూసేసినప్పుడు, జనం కొనుక్కున్న పుస్తకాలు ఆ ఏడాది జూలై నుంచి తెరుచుకోలేదు. డబ్బు వాపసు ఇచ్చారు గానీ పుస్తకాలు పోయాయి.

లైబ్రరీలకు అమ్మే లైసెన్స్‌లు ముఖ్యంగా ఇలా ఉంటాయి.

మొదటిది ఒక ప్రతికి ఒక పాఠకుడు. అచ్చు పుస్తకంలాగే ఒకరు తిరిగిచ్చేదాకా ఇంకొకరు ఆగాలి. కొందరు ప్రచురణకర్తలు దీన్ని శాశ్వతంగా ఇస్తారు. పెద్ద ఇంగ్లిష్ ప్రచురణ సంస్థల్లో చాలావరకు 12 లేదా 24 నెలల గడువు పెడతాయి. ఇంకొందరిది ఎన్నిసార్లు ఇచ్చామన్న లెక్క. హార్పర్‌కాలిన్స్ 2011లో 26 సార్లు అన్న పరిమితి తెచ్చింది. 14 రోజుల చొప్పున ఖాళీ లేకుండా ఇస్తే 26 సార్లంటే 52 వారాలు, అంటే దాదాపు ఒక ఏడాది.

రెండోది ఇచ్చినప్పుడల్లా చెల్లింపు. ముందు ఏమీ కొనక్కర్లేదు, పిల్లవాడు పుస్తకం తీసుకున్న ప్రతిసారీ బడి ఖాతాలోంచి కొంత పోతుంది. మూడోది ఏకకాల వినియోగం. గడువు లోపల ఎంతమందైనా ఒకేసారి చదువుకోవచ్చు. నాలుగోది ఓపెన్ లైసెన్స్. రచయిత పేరు చెప్పి దించుకోవచ్చు, పంచుకోవచ్చు, చాలాసార్లు అచ్చు కూడా వేసుకోవచ్చు.

ఈ తేడా ఎక్కడ దెబ్బ కొడుతుందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. తొమ్మిదో తరగతిలో 40 మంది ఉన్నారు. టీచరు ఆరు వారాల్లో అందరిచేతా ఒక ఇంగ్లిష్ నవల చదివించాలనుకున్నారు. మొదటి రకం లైసెన్స్‌తో 14 రోజులకు ఇస్తే, ఒక్కో ప్రతి ఆరు వారాల్లో ముగ్గురికే అందుతుంది. కాబట్టి 14 ప్రతులు కొనాలి. అప్పుడు కూడా క్లాసులో మూడో వంతు చదువుతుంటే మిగతావాళ్లు ఖాళీగా ఉంటారు, అందరూ కలిసి మాట్లాడుకోవడం కుదరదు. కలిసి చదవాలంటే 40 ప్రతులు కావాలి. ఇచ్చినప్పుడల్లా చెల్లించే పద్ధతిలో 40 సార్లకు కడతాం, కానీ పుస్తకం పూర్తికాక మళ్లీ తీసుకున్న పిల్లవాడికి మరోసారి కట్టాలి. ఏకకాల లైసెన్స్ అయితే ఒకే ధర, అందరూ ఒకే వారం మొదలుపెట్టొచ్చు.

అందువల్ల క్లాసంతా కలిసి చదివే పుస్తకాలకు ఏకకాల లైసెన్స్ గానీ, కొన్ని వేదికల్లో తక్కువ గడువుతో దొరికే క్లాస్ సెట్ (తరగతి అందరికీ ఒకేసారి ఇచ్చే ప్రతుల కట్ట) గానీ తీసుకోవాలి. పిల్లలు ఇష్టానికి ఎంచుకునే కథల పుస్తకాలకు ఒక ప్రతికి ఒక పాఠకుడు చాలు, ఎందుకంటే ఒక్కొక్కరిదీ ఒక్కో అభిరుచి. ఇచ్చినప్పుడల్లా చెల్లించే పద్ధతి పెట్టుకుంటే నెలకు ఇంతకు మించకూడదని సెట్టింగ్‌లో పరిమితి పెట్టండి. పిల్లలు బాగా చదవడం మొదలుపెట్టిన నెలలోనే బడ్జెట్ అయిపోయి వాళ్లను ఆపాల్సి రావడం చాలా బాధ కలిగించే విషయం.

షరతులు మధ్యలో మారతాయన్నది కూడా గుర్తుపెట్టుకోండి. అమెరికాలో మాక్మిలన్ సంస్థ 2019 నవంబరు నుంచి, కొత్త పుస్తకం వచ్చిన మొదటి ఎనిమిది వారాలు ఒక్కో లైబ్రరీ వ్యవస్థకు ఒకే ఈ-ప్రతి అని నిబంధన పెట్టింది. లైబ్రరీలు గట్టిగా ఎదురుతిరిగితే 2020 మార్చిలో వెనక్కి తీసుకుంది. మన ఒప్పందంలో "గడువు మధ్యలో షరతులు మార్చరాదు" అన్న వాక్యం ఉందో లేదో చూసుకోవాలి.

పన్ను సంగతి ఒక్క మాటలో. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. అచ్చు ప్రతి కూడా ఉన్న ఈ-పుస్తకానికి 2018లో 5 శాతంగా నిర్ణయించారు. వేదిక ఫీజు వేరుగా వేస్తే దాని పన్ను లెక్క వేరు. కొటేషన్‌లో ఈ రెండూ విడివిడిగా అడగండి.

## వేదికలు పక్కపక్కన

| వేదిక | లైసెన్స్ | తెలుగు | నెట్ లేకుండా | ఖర్చు | ఆపేస్తే మిగిలేది |
|---|---|---|---|---|---|
| స్టోరీవీవర్ | ఓపెన్ | చిన్న తరగతులకు బాగుంది | దించుకోవచ్చు | ఉచితం | దించుకున్నవన్నీ |
| రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ | చదవడానికి ఉచితం | ఉంది | మీ ఫోన్‌లలో పరీక్షించండి | ఉచితం | అచ్చు ప్రతులు విడిగా కొనుక్కోవచ్చు |
| ఎన్‌డీఎల్ఐ | ఒక్కో పుస్తకానికి ఒక్కోలా | ఉంది, వెతకాలి | పుస్తకాన్ని బట్టి | ఉచితం | పుస్తకాన్ని బట్టి |
| సోరా | ప్రచురణకర్తను బట్టి | ముందే వెతికి చూడాలి | గడువు దాకా | వేదికకు, పుస్తకాలకు | సాధారణంగా ఏమీ లేదు |
| సొంత ఆఫ్‌లైన్ లైబ్రరీ | మనం తెచ్చుకున్న అనుమతిని బట్టి | మనం చేర్చినంత | పూర్తిగా | పాత కంప్యూటర్, మనిషి శ్రమ | అంతా |

స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టింది. ప్రాథమిక బడికి నా మొదటి ఓటు దీనికే. కథలన్నీ నాలుగు చదువు స్థాయిలుగా విడదీసి ఉంటాయి కాబట్టి, మూడో తరగతిలో ఉండి ఇంకా గుణింతాల దగ్గరే తడబడే పిల్లవాడికి కూడా సిగ్గుపడక్కర్లేని పుస్తకం దొరుకుతుంది. దాని లైసెన్స్ క్రియేటివ్ కామన్స్ బై 4.0. రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచి అచ్చు వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మన మాండలికంలోకి తిరగరాసుకోవచ్చు. ఇంగ్లిష్ కథను ఏడో తరగతి పిల్లలచేత తెలుగులోకి అనువదింపజేసి, ప్రింట్ తీసి, రెండో తరగతి పిల్లలకు ఇవ్వొచ్చు. డబ్బు కట్టే ఏ వేదికా ఈ స్వేచ్ఛ ఇవ్వదు. లోటు కూడా ఉంది. ఎవరైనా కథ చేర్చగలరు కాబట్టి అనువాదాల నాణ్యత సమానంగా ఉండదు. టీచరు ముందుగా చదివి, బాగున్నవాటితో ఒక జాబితా చేసుకోవాలి. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు ఇందులో సరిపడా ఉండదు.

రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ. 2023 కేంద్ర బడ్జెట్‌లో పిల్లలు, కిశోరుల కోసం ప్రకటించిన డిజిటల్ లైబ్రరీ ఇది. నేషనల్ బుక్ ట్రస్ట్ నడుపుతోంది. 3–8, 8–11, 11–14, 14–18 ఏళ్ల వయసు గుంపులుగా పుస్తకాలు ఉంటాయి. స్టోరీవీవర్ ఆగిపోయే వయసు దగ్గర ఇది అందుకుంటుంది, అందుకే ఈ రెండింటినీ పోటీగా చూడకుండా జంటగా వాడుకోవడం మేలు. అయితే ఉచితంగా చదవనివ్వడం వేరు, కాపీ చేసి పంచే హక్కు వేరు. ఇందులోని పుస్తకాన్ని స్క్రీన్‌షాట్లు తీసి తరగతి గ్రూపులో పెట్టకూడదు.

ఎన్‌డీఎల్ఐ. ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే నేషనల్ డిజిటల్ లైబ్రరీ, 2018లో జాతికి అంకితమైంది. పాఠ్యపుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు, పై తరగతుల పుస్తకాలు వెతికే టీచర్లకు, పది, ఇంటర్ పిల్లలకు ఉపయోగం. కథలు చదవాలని వచ్చిన పదేళ్ల పాపను దీని ముందు కూర్చోబెట్టొద్దు.

పేరు దగ్గరగా ఉండటంతో ఈ-గ్రంథాలయను కూడా కొందరు ఈ జాబితాలో కలిపేస్తారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) తయారుచేసిన ఆ సాఫ్ట్‌వేర్ ప్రధానంగా లైబ్రరీ రికార్డులు, ఇచ్చిపుచ్చుకునే లెక్కల కోసం.

సోరా. అమెరికా కంపెనీ ఓవర్‌డ్రైవ్ బడుల కోసం 2018లో తెచ్చిన యాప్. పెద్ద ప్రచురణ సంస్థల ఇంగ్లిష్ నవలలు, ఆడియో పుస్తకాలు చట్టబద్ధంగా ఇవ్వడానికి చాలా బడులు దీన్ని వాడతాయి. యాప్ హాయిగా ఉంటుంది, గడువు తీరగానే పుస్తకం దానంతట అదే వెనక్కి పోతుంది, రిపోర్టులు వస్తాయి. పైన చెప్పిన లైసెన్స్ రకాలన్నీ ఇందులో పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకే పుస్తకానికి రెండు మూడు రకాలు ఉండొచ్చు, అందుకే కొనే మనిషికి ఆ లెక్కలు తెలిసి ఉండాలి. భారతదేశంలో అమ్మే హక్కు లేని పుస్తకాలు మన కేటలాగ్‌లో రావు. అమెరికా బడిలో చదివే మీ అన్నయ్య కూతురు చూపించిన పుస్తకం ఇక్కడ దొరక్కపోవడానికి కారణం ఇదే. కేటలాగ్‌ను మన దేశం ఖాతాతోనే చూపించమని అడగండి.

నెలవారీ చందా యాప్‌లు. పిల్లలు ఎన్నైనా చదువుకోవచ్చు, లెక్కల బాధ లేదు. కాని కంపెనీ భవిష్యత్తుతో మన లైబ్రరీని ముడిపెట్టినట్టే. ఎపిక్ అనే పిల్లల పుస్తకాల వేదికను బైజూస్ 2021లో 50 కోట్ల డాలర్లకు కొంది. మూడేళ్లు తిరగకుండానే మాతృసంస్థ అప్పుల వివాదం ఎపిక్ మీద అమెరికా దివాలా కోర్టులో పిటిషన్ దాకా వెళ్లింది. చందా ఒక ఏడాదికి మించి ముందే కట్టొద్దు.

కిండిల్ ఖాతా పంచుకోవడం. ఒక ఖాతాలో పుస్తకాలు కొని పది పరికరాల్లో పెట్టి పిల్లలకు తిప్పడం కొన్ని బడుల్లో జరుగుతోంది. ఆ కొనుగోలు వ్యక్తిగత వినియోగానికి మాత్రమే, లైబ్రరీ ఇచ్చిపుచ్చుకోవడానికి అనుమతి ఉండదు. పైగా అమెజాన్ 2016లో ఐదు భారతీయ భాషల్లో కిండిల్ పుస్తకాలు తెచ్చినప్పుడు వాటిలో తెలుగు లేదు. మన పిల్లలకు ఇందులో వచ్చే లాభం తక్కువ, బడికి చిక్కు ఎక్కువ.

చూపు లేని పిల్లలకు. ప్రతి బడీ చేయాల్సిన పని ఇది. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయలో, అచ్చు చదవలేని వైకల్యం ఉన్నవాళ్లు నమోదు చేసుకుని అందుబాటు రూపంలో పుస్తకాలు తీసుకోవచ్చు. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ ఇలాంటి ప్రతులు తయారుచేయడానికి వీలిచ్చింది. ఈ ఒక్క విషయంలో మనం ప్రచురణకర్త అనుమతి కోసం ఆగక్కర్లేదు.

## సొంత ఆఫ్‌లైన్ లైబ్రరీ

నెట్ సరిగా రాని ఊళ్లకు, ఫోన్లు అనుమతించని గురుకులాలకు నాకు బాగా నచ్చే దారి ఇది. పాత కంప్యూటర్ ఒకటి, వైఫై రూటర్ ఒకటి చాలు. కోలిబ్రీ (నెట్ లేకుండా పాఠాలు, పుస్తకాలు చూపించేది), క్యాలిబర్ (ఈ-పుస్తకాలను సర్దిపెట్టి చదివించేది) రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లు. ల్యాబ్‌లోని మిగతా కంప్యూటర్లు, ట్యాబ్‌లు బ్రౌజర్‌లోనే పుస్తకాలు తెరుస్తాయి, ఇంటర్నెట్ అక్కర్లేదు. క్యాలిబర్‌లో గడువు తీరాక వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉండదు, చూసినవాళ్లు దించుకుంటారు. కాబట్టి అందులో పెట్టేవి మూడు రకాలే అయి ఉండాలి: ఓపెన్ లైసెన్స్ కథలు, కాపీరైట్ తీరినవి, ప్రచురణకర్త రాసిచ్చినవి.

కాపీరైట్ తీరడం గురించి మన దేశంలో లెక్క సులువు. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. గురజాడ 1915లో, కందుకూరి 1919లో, చిలకమర్తి 1946లో కన్నుమూశారు. వాళ్ల రచనలు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి 2043 చివరిదాకా ఆగాలి. ఒక జాగ్రత్త ఏమిటంటే, పాత రచనకు ఈమధ్య ఎవరైనా రాసిన ముందుమాట, వేసిన బొమ్మలు, చేసిన అనువాదం ఉంటే వాటి హక్కు వేరు.

మన అలమరలో ఉన్న పుస్తకాన్ని స్కాన్ చేసి పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ లైబ్రరీలకు మూడు కాపీలకు మించకుండా వీలిస్తుంది. కానీ అది లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీకి, అదీ మన దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి. పాఠం చెప్పడంలో భాగంగా కాపీలు ఇవ్వడానికి అదే సెక్షన్‌లో విడిగా మినహాయింపు ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ కేసులో 2016లో హైకోర్టు దాన్ని విశాలంగానే చూసింది. పాఠానికి కావాల్సిన భాగాలు ఇవ్వడానికి అది ఆసరా అవుతుంది గానీ, కథల పుస్తకాలు మొత్తంగా స్కాన్ చేసి బడంతా పంచడానికి దాన్ని నమ్ముకోవద్దని నా అభిప్రాయం. కొన్న పుస్తకాన్ని స్కాన్ చేసి ఒక్కొక్కరికి అరువిచ్చే పద్ధతిని ఇంటర్నెట్ ఆర్కైవ్ అమెరికాలో నడిపి, 2023లో కింది కోర్టులో, 2024లో అప్పీలులో ఓడిపోయింది. అది మన చట్టం కాకపోయినా ప్రచురణకర్తలు ఎంత పట్టుదలగా ఉన్నారో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇక మూడో రకం, నేరుగా అనుమతి. తెలుగు పిల్లల పుస్తకాల ప్రచురణకర్తలు చాలామంది చిన్న సంస్థలు, ట్రస్టులు. ఫోన్ చేస్తే మాట్లాడతారు. బడి పేరు, పిల్లల సంఖ్య, ఏయే పుస్తకాలు, ఎన్ని సంవత్సరాలు, బడి ప్రాంగణంలోని సర్వర్‌లోనే ఉంటుందన్న హామీ, బయట పంచమన్న మాట, మనం ఇవ్వగలిగే మొత్తం, ఇవన్నీ ఒక పేజీలో రాసి పంపండి. ఉచితంగా అడగొద్దు. చిన్న ప్రచురణకర్త నిలబడితేనే మన పిల్లలకు వచ్చే ఏడాది కొత్త పుస్తకం వస్తుంది. ప్రతి శీర్షికకు రెండు అచ్చు ప్రతులు కొని, ఆఫ్‌లైన్ అనుమతికి విడిగా కొంత ఇస్తామంటే ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది.

ఫైలు తీసుకునేటప్పుడు ఒక సాంకేతిక చిక్కు ఉంది. మన డీటీపీ చాలాకాలం యూనికోడ్ కాని అను ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో నడిచింది. ఆ ఫైలు నుంచి వచ్చిన పీడీఎఫ్ కంటికి బాగానే ఉంటుంది, కానీ అందులో మాట వెతికితే దొరకదు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అర్థంకాదు. యూనికోడ్‌లోకి (అన్ని పరికరాలూ గుర్తుపట్టే అక్షర సంకేతాల్లోకి) మార్చిన ఈపబ్ ఉందా అని అడగండి. మార్చినా వత్తులు, గుణింతాలు అక్కడక్కడా చెదురుతాయి. పది పేజీలు చదివి చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

## ఎవరికి ఏది

జిల్లా పరిషత్, ఎంపీయూపీ (మండల పరిషత్ ప్రాథమికోన్నత) బడులు. ముందు స్టోరీవీవర్, రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ. ఆపైన ఆఫ్‌లైన్ లైబ్రరీ. చేతిలో ఉన్న డబ్బు అచ్చు పుస్తకాలకే పెట్టండి. ఈ బడుల్లో అలమరలోని పుస్తకం ఇంటికెళ్లడమే ఇప్పటికీ అన్నిటికంటే బలమైన లైబ్రరీ సేవ.

గురుకులాలు. పిల్లలు రాత్రి స్టడీ అవర్లో కూడా అక్కడే ఉంటారు కాబట్టి ఆఫ్‌లైన్ సర్వర్ బాగా ఉపయోగపడుతుంది. నేరుగా అనుమతులు తెచ్చుకునే పని ఒక్కో బడి కాకుండా, వాటిని నడిపే గురుకుల సొసైటీ స్థాయిలో చేస్తే ప్రచురణకర్తకూ అనుకూలం, ధరా తగ్గుతుంది.

సిటీలోని ఇంగ్లిష్ మీడియం స్కూళ్లు. సోరా లాంటిది తీసుకోగల స్థోమత ఉంటుంది. ఒకే ఒక్క తరగతితో ట్రయల్ చేసి, ఎంతమంది మొదటి నెల తర్వాత కూడా తీసుకుంటున్నారో చూసి పెంచండి. తెలుగు కోసం ఆ వేదిక మీదే ఆధారపడితే తెలుగు అలమర ఖాళీగా ఉండిపోతుంది. స్టోరీవీవర్, నేరుగా అనుమతులు వీళ్లకూ అవసరమే.

విదేశాల్లో తెలుగు బడులు. మనబడి లాంటి వారాంతపు తరగతుల పిల్లలకు లిపి కొత్త, వయసు పెద్ద. పదేళ్ల పిల్లకు ఒకటో స్థాయి కథ చిన్నపిల్లలదిగా అనిపిస్తుంది. చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ దొరకడం స్టోరీవీవర్‌లో ఉన్న సౌకర్యం, దాన్ని వాడుకోండి. అమెరికాలో ఉంటే, పిల్లల రోజువారీ స్కూలు సోరాకు ఊరి పబ్లిక్ లైబ్రరీ జతయిందేమో కనుక్కుని, అక్కడ తెలుగు పుస్తకాలు కొనమని తల్లిదండ్రులు అడగొచ్చు.

డబ్బు కట్టి తీసుకునేవాళ్లకు తేదీల గురించి చెప్పాల్సింది ఒకటి ఉంది. బడ్జెట్ మిగిలిందని మార్చిలో 12 నెలల లైసెన్స్‌లు కొంటారు. గడువు ఆరోజే మొదలైతే పరీక్షలు, ఎండాకాలం సెలవులు కలిపి దాదాపు మూడు నెలలు వృథా. మన బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. బిల్లు మార్చిలో వేసినా గడువు జూన్ 15 నుంచి మొదలయ్యేలా ఒప్పందంలో రాయించండి. అడిగితే ఒప్పుకునే కంపెనీలు ఉన్నాయి. ఒప్పుకోకపోతే మార్చిలో శాశ్వత లైసెన్స్‌లు, అచ్చు పుస్తకాలు కొని, గడువున్నవి జూన్‌కు వదిలేయండి.